జాగ్రత్త: ‘లైఫ్‌టైమ్ ప్రో ప్లగిన్ మూడొందలే’ అంటే డబ్బు పంపకండి

టెలిగ్రామ్ గ్రూపుల్లోనూ, ‘జీపీఎల్ క్లబ్’ పేరుతో నడిచే సైట్లలోనూ ఏడాదికి వేలల్లో పలికే ప్రో (డబ్బు కట్టి కొనే) ప్లగిన్లను, అంటే వర్డ్‌ప్రెస్‌తో చేసిన వెబ్‌సైటుకు కొత్త సౌకర్యాలు చేర్చే సాఫ్ట్‌వేర్లను, రెండు మూడొందలకే, అదీ ‘లైఫ్‌టైమ్’ అంటూ అమ్ముతున్నారు. షాపులకు, స్కూళ్లకు సైట్లు చేసిచ్చే డిజైనర్లు, సొంతంగా సైటు పెట్టుకునే చిన్న వ్యాపారులు ముఖ్యంగా చదవాలి.

‘ఇది లీగలేనా?’ అని అడిగితే అమ్మేవాళ్లు జీపీఎల్ లైసెన్సు (కోడును ఎవరైనా వాడుకోవచ్చు, పంచుకోవచ్చు అనే అనుమతి) చూపిస్తారు. ఆ మాట చాలావరకు నిజమే. వర్డ్‌ప్రెస్ జీపీఎల్ కిందే ఉంది, ప్లగిన్లలో ఎక్కువ భాగం అదే లైసెన్సుతో వస్తాయి, ఆ కోడును పంచినా అమ్మినా తప్పు లేదు. అయితే మీ చేతికొచ్చిన జిప్ ఫైలు తయారీదారు ఇచ్చిందేనని గానీ, రేపు సెక్యూరిటీ ప్యాచ్ (భద్రతా లోపాన్ని సరిచేసే అప్‌డేట్) మీకు అందుతుందని గానీ ఆ లైసెన్సులో ఎక్కడా లేదు. ప్రో ప్లగిన్‌కు ఏటా డబ్బు కట్టేది ముఖ్యంగా ఆ అప్‌డేట్ల కోసమే.

వీటిలో ‘నల్డ్’ కాపీలు మరీ ప్రమాదం. లైసెన్సు తనిఖీ చేసే కోడును ఎవరో తీసేసి మళ్లీ జిప్ చేస్తారు. అంటే ఒక అపరిచితుడు అందులో చెయ్యి పెట్టాడన్నది ఖాయం. ఇంకేం మార్చాడో పోల్చి చూద్దామంటే మీ దగ్గర అసలు కాపీ ఉండదు. డబ్ల్యూపీ-వీసీడీ అనే మాల్‌వేర్ ఇలాంటి ఉచిత, నల్డ్ థీములు (సైటు రూపాన్ని నిర్ణయించేవి), ప్లగిన్ల ద్వారానే పాకింది. యాక్టివేట్ చేయగానే అది సైటులో ఉన్న థీములన్నిటి ఫంక్షన్స్ ఫైల్లో తన కోడు చేర్చుతుంది, డబ్ల్యూపీ-ఇన్‌క్లూడ్స్ ఫోల్డర్లో తన ఫైలు పెడుతుంది, అదే హోస్టింగ్ అకౌంటులో ఉన్న మిగతా సైట్లకూ ఎక్కుతుంది. ఆ తర్వాత ప్లగిన్ డిలీట్ చేసినా ప్రయోజనం లేదు.

‘ఒరిజినల్ కీ ఇస్తాం’ అనేవాళ్లు ఇంకో రకం. చాలా సైట్లకు పనికొచ్చే ఏజెన్సీ ప్లాన్ ఒకటి కొని, దాని కీని (అప్‌డేట్లు అందాలంటే పెట్టాల్సిన లైసెన్సు కోడును) దొరికినవాళ్లందరికీ పంచుతారు. తయారీదారు గమనించి కీ రద్దు చేస్తే చాలావరకు ప్లగిన్ ఆగదు, అప్‌డేట్లు ఆగుతాయి. సైటు మామూలుగానే తెరుచుకుంటుంది కాబట్టి ఎవరూ పట్టించుకోరు. ఈలోగా ఆ వెర్షన్లో ఏదైనా లోపం బయటపడితే దాన్ని వెతుక్కుంటూ బాట్లు (వాటంతటవే సైట్లను జల్లెడ పట్టే ప్రోగ్రాములు) వచ్చేస్తాయి.

ఉచిత ప్లగిన్లు దొరికే వర్డ్‌ప్రెస్ సొంత డైరెక్టరీలో కూడా కళ్లు మూసుకుని తీసుకోకూడదు. అక్కడ కొత్త ప్లగిన్‌ను మొదటిసారి సమీక్షిస్తారు గానీ, తర్వాత వచ్చే ప్రతి అప్‌డేట్‌నూ అలా చదివి విడుదల చేయరు. 2017లో డిస్‌ప్లే విడ్జెట్స్ అనే ప్లగిన్ విషయంలో జరిగింది ఇదే. రెండు లక్షలకు పైగా సైట్లలో ఉన్న ఆ ప్లగిన్ చేతులు మారింది, కొత్త యజమాని వెర్షన్లలో స్పామ్ పోస్టులు పెట్టే దొంగదారి చేరింది. ఆ పోస్టులు లాగిన్ అయినవాళ్లకు కనబడవు. సైటు ఓనరు చూస్తే అంతా సవ్యంగానే ఉంటుంది, గూగుల్‌కు మాత్రం స్పామ్ కనిపిస్తుంది. డైరెక్టరీ నుంచి దాన్ని నాలుగుసార్లు తీసేయాల్సి వచ్చింది. ఇలా తీసేసినా మీ సైటులో ఉన్న కాపీ నడుస్తూనే ఉంటుంది, డాష్‌బోర్డు దానంతట అది హెచ్చరించదు. అందుకే మూడు నెలలకోసారైనా డైరెక్టరీలో మీ ప్లగిన్ల పేజీలు తెరిచి చూడండి. ‘క్లోజ్డ్’ అని ఉందా, డెవలపర్ పేరు మారిందా, చేంజ్‌లాగ్‌లో (మార్పుల జాబితాలో) ఒక్క ముక్క కూడా రాయకుండా కొత్త వెర్షన్ వదిలారా? చివరి మూడు పెద్ద వర్డ్‌ప్రెస్ వెర్షన్లతో పరీక్షించలేదన్న నోటీసు కనబడితే ప్రత్యామ్నాయం వెతకడం మంచిది.

ఇప్పటికే నల్డ్ లేదా చవక కాపీ ఎక్కించినవాళ్లు ముందు మొత్తం బ్యాకప్ తీసి వేరేచోట దాచండి. డబ్ల్యూపీ-సీఎల్‌ఐ (కమాండ్లతో వర్డ్‌ప్రెస్‌ను నడిపే టూల్) ఉంటే కోర్‌కూ (వర్డ్‌ప్రెస్ మూల ఫైళ్లకూ), ప్లగిన్లకూ వెరిఫై-చెక్‌సమ్స్ కమాండ్ నడపండి. అసలు కాపీతో పోల్చి, తేడా ఉన్న ఫైళ్ల పేర్లు చెబుతుంది. డైరెక్టరీలో లేని ప్రో ప్లగిన్లను అది పోల్చలేదు, వాటిని పూర్తిగా తీసేసి తయారీదారు అకౌంటు నుంచి తాజాగా ఎక్కించాల్సిందే. అప్‌లోడ్స్ ఫోల్డర్లో పీహెచ్‌పీ ఫైళ్లు కనబడితే అనుమానించండి, అక్కడ ఉండాల్సినవి ఫొటోలు, పీడీఎఫ్‌లు. ఎంయూ-ప్లగిన్స్ ఫోల్డరూ చూడండి, అందులోవి యాక్టివేట్ చేయకుండానే నడుస్తాయి. అడ్మిన్ల జాబితాను డాష్‌బోర్డులో కాకుండా డేటాబేసులో చూడండి, దాచిన యూజర్ అక్కడే బయటపడతాడు. శుభ్రం చేశాక హోస్టింగ్, ఎఫ్‌టీపీ, డేటాబేస్, అడ్మిన్ పాస్‌వర్డులన్నీ మార్చి, డబ్ల్యూపీ-కాన్ఫిగ్ ఫైల్లో లాగిన్లను కాపాడే రహస్య పదాలైన కీలు, సాల్టులు మొత్తం ఎనిమిదీ కొత్తవి పెట్టండి. దాంతో లాగిన్ అయి ఉన్నవాళ్లందరూ బయటికొచ్చేస్తారు. అదే హోస్టింగ్‌లో ఇంకో సైటు ఉంటే దానికీ ఇదంతా చేయకపోతే వారంలో మళ్లీ మొదటికే వస్తుంది.

కొనేటప్పుడు తయారీదారు సైటులోనే, మీ ఈమెయిల్‌తోనే కొనండి. మొదటి ఏడాది డిస్కౌంటు ధర చూసి మురిసిపోకుండా రెన్యువల్ ఎంతో, ఆటో-రెన్యువల్ ఆన్‌లో ఉందో లేదో, రిఫండ్ గడువెంతో, టెస్టింగ్ సైటును కూడా లెక్కలో వేస్తారో అడగండి. సైటు వేరేవాళ్ల చేత చేయించుకుంటే చివరి బిల్లు కట్టే ముందు ప్రతి ప్రో ప్లగిన్‌కూ కీ ఎవరి పేరున ఉందో రాతపూర్వకంగా తీసుకోండి. డిజైనర్ పేరున ఉంటే, అతను రెన్యువల్ మానేసిన రోజే మీ అప్‌డేట్లు కూడా ఆగిపోతాయి.