నల్సారా, ఉస్మానియానా? లా చదవాలనుకునేవాళ్లకు ఏది మేలు

ఇంటర్ ఫలితాలు వచ్చినప్పుడు ఒకసారి, డిగ్రీ ఆఖరి సెమిస్టర్ అయిపోయాక ఇంకోసారి తెలిసినవాళ్లు నన్ను ఒకే మాట అడుగుతుంటారు. "మా వాడు లా చదువుతానంటున్నాడు సార్, ఎక్కడ చేర్పించమంటారు?" నేను డిగ్రీ అయ్యాక ఒక యూనివర్సిటీ కాలేజీలో మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ చేసి కోర్టులో ప్రాక్టీసు పెట్టినవాణ్ణి. మా ఆఫీసుకు ఇంటర్న్‌షిప్ కోసం నేషనల్ లా యూనివర్సిటీల పిల్లలూ వస్తారు, ఉస్మానియా నుంచి, జిల్లా కాలేజీల నుంచీ వస్తారు. ఇద్దరినీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టి పని చేయించాను కాబట్టి కొంచెం ధైర్యంగానే చెప్పగలను.

ముందు రెండు దారులూ ఏమిటో చూద్దాం. ఒకటి, ఇంటర్ కాగానే క్లాట్ అనే జాతీయ ప్రవేశ పరీక్ష రాసి నేషనల్ లా యూనివర్సిటీలో ఐదేళ్లు. మనకు దగ్గర్లో ఉన్నవి రెండు: శామీర్‌పేటలో 1998లో పెట్టిన నల్సార్, విశాఖ దగ్గర సబ్బవరంలో 2008లో పెట్టిన దామోదరం సంజీవయ్య లా యూనివర్సిటీ. రెండోది, రాష్ట్రం పెట్టే లాసెట్ అనే ప్రవేశ పరీక్ష రాసి ఉస్మానియా, ఆంధ్ర, నాగార్జున, కాకతీయ లాంటి యూనివర్సిటీల లా కాలేజీల్లో చేరడం. ఇందులో ఐదేళ్ల కోర్సూ ఉంది, డిగ్రీ తర్వాత మూడేళ్లదీ ఉంది. మనవాళ్లలో ఎక్కువమంది వచ్చేది ఈ మూడేళ్ల దారిలోనే.

తేడా పరీక్ష దగ్గరే మొదలవుతుంది. క్లాట్ ఇంగ్లీషులో మాత్రమే ఉంటుంది. రెండు గంటల్లో 120 ప్రశ్నలు, అన్నీ పెద్ద పెద్ద పేరాలు చదివి జవాబు పెట్టాల్సినవే, తప్పుకి పావు మార్కు పోతుంది. లాసెట్‌లోనూ 120 ప్రశ్నలే, టైము గంటన్నర. కానీ ప్రశ్నపత్రం తెలుగులోనూ ఉంటుంది, మైనస్ మార్కులు లేవు, వయసు అడ్డు లేదు. పల్లెలో తెలుగు మీడియం చదివిన పిల్లకీ, హైదరాబాద్‌లో కోచింగ్‌కి వెళ్లిన పిల్లకీ క్లాట్ ఒకేలా ఉండదు. దీన్ని దాటించడానికే 2010లో షమ్నాద్ బషీర్ ఐడియా అనే సంస్థను మొదలుపెట్టారు. పేద పిల్లల్ని వెతికి పట్టుకుని క్లాట్‌కి తయారు చేసి, సీటు వచ్చాక కూడా అండగా ఉంటారు. మీ ఊళ్లో చురుకైన పేద పిల్లలు ఉంటే ముందు ఈ మాట వాళ్ల చెవిన వేయండి. నల్సార్‌లో తెలంగాణ వాళ్లకు, సబ్బవరంలో ఆంధ్రప్రదేశ్ వాళ్లకు స్థానిక కోటా ఉందన్న సంగతి కూడా చాలామందికి తెలియదు.

ఇక క్యాంపస్ బతుకు. నల్సార్ పూర్తిగా రెసిడెన్షియల్. ఊరికి దూరంగా ఐదేళ్లు అదే హాస్టల్, అదే మెస్, అదే లైబ్రరీ. సాయంత్రం క్లాసు అయిపోతే ఇంటికి పోయేది ఉండదు కాబట్టి చదువు అక్కడితో ఆగదు. మూట్ కోర్టు కమిటీ, లీగల్ ఎయిడ్, డిబేట్, ఇంటర్న్‌షిప్‌లు చూసే కమిటీ అన్నీ పిల్లలే నడుపుతారు. మొదటి ఏడాది పిల్లాడు రాసిన వ్యాసాన్ని నాలుగో ఏడాది అక్క రాత్రి పదకొండింటికి కూర్చుని దిద్దిపెడుతుంది. అక్కడి అసలు ఆస్తి ఈ సీనియర్ల సావాసమే అని నేనంటాను. ఢిల్లీలో ఏ లాయర్ ఆఫీసులో ఇంటర్న్‌షిప్ దొరుకుతుంది, ఎప్పుడు మెయిల్ పెట్టాలి, దరఖాస్తు ఎలా రాయాలి అన్నవి పుస్తకాల్లో ఉండవు. వాటిని ఒక బ్యాచ్ ఇంకో బ్యాచ్‌కి అందిస్తూ పోతుంది.

మూట్ కోర్టు గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే బయటివాళ్లు దాన్ని స్టేజీ నాటకం అనుకుంటారు. ఒక ఊహాజనిత తగాదా ఇస్తారు. దాని మీద వాది తరఫునా, ప్రతివాది తరఫునా రెండు మెమోరియల్స్, అంటే రాతపూర్వక వాదనలు, టీమే తయారు చేయాలి. అంటే నిన్న రాత్రి తను కట్టిన వాదనను ఈ రాత్రి తనే పడగొట్టాలి. పోటీ రోజు నిలబడి రెండు వాక్యాలు మాట్లాడేలోపే జడ్జి ఆపి, "మీరు చెప్పిన తీర్పులో 14వ పేరా చూశారా? అది మీకే వ్యతిరేకం కదా?" అంటారు. అక్కడ తడబడకుండా, అబద్ధం చెప్పకుండా, ఆ తీర్పు తన కేసుకు ఎందుకు వర్తించదో చెప్పగలగాలి. ఏడాదికి రెండు మూడు సార్లు ఈ కాకలో కాలిన పిల్లకి హైకోర్టులో బెంచి ముందు నిలబడ్డానికి టెన్షన్ ఉండదు. బెంగళూరు నేషనల్ లా స్కూలు అంతర్జాతీయ న్యాయం మీద జరిగే జెస్సప్ మూట్‌ను 1999లో, 2013లో గెలిచిందంటే వెనక ఇలాంటి రాత్రులు ఎన్నో ఉంటాయి.

మామూలు కాలేజీల్లో మూట్ ఉండదని కాదు. లాయర్ల వృత్తినీ, లా చదువునూ చూసే బార్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం ఎవరైనా కనీసం మూడు మూట్‌లు చేయాలి, ఒక సివిల్, ఒక క్రిమినల్ కేసు విచారణ చూసి రికార్డు రాయాలి. ఇంటర్న్‌షిప్ మూడేళ్ల కోర్సుకు 12 వారాలు, ఐదేళ్ల కోర్సుకు 20 వారాలు. కాగితం మీద ఇద్దరికీ రూలు ఒకటే. కానీ చాలా చోట్ల ఆ రికార్డు పాత బ్యాచ్ నోట్‌బుక్ చూసి ఎక్కించేస్తారు. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే. కోర్టు పది నిమిషాల దూరంలో ఉంటుంది, గేటు తెరిచే ఉంటుంది, అయినా పిల్లలు లోపలికి రారు.

ఎందుకు బాధంటే, యూనివర్సిటీ కాలేజీలకు ఉన్న పెద్ద బలం ఆ కోర్టులే. ఉస్మానియాలో చదివే పిల్ల మెట్రో ఎక్కి నాంపల్లి క్రిమినల్ కోర్టులకు, ఎల్బీనగర్‌లో రంగారెడ్డి కోర్టుకు, మూసీ ఒడ్డున హైకోర్టుకు పోవచ్చు. ఏ కోర్టు హాల్లోనైనా వెనక బెంచీలో కూర్చుని వినవచ్చు, ఎవరూ వద్దనరు. క్రాస్ ఎగ్జామినేషన్ అంటే ఎదుటి పక్షం సాక్షిని ప్రశ్నించడం, దాని చివర్లో లాయరు సాక్షిని వరసగా అడుగుతాడు: "ఆ రోజు నువ్వు అక్కడ లేనే లేవు." "అబద్ధం సార్." "ముద్దాయితో పొలం గొడవ ఉండి ఈ సాక్ష్యం చెబుతున్నావు." "కాదు సార్." కొత్తగా చూసే పిల్లకి, సాక్షి ఎలాగూ కాదంటాడని తెలిసీ ఎందుకు అడుగుతున్నాడా అనిపిస్తుంది. సాక్షి చెప్పినదాన్ని క్రాస్‌లో సవాలు చేయకుండా వదిలేస్తే దాన్ని ఒప్పుకున్నట్టే తీసుకునే ప్రమాదం ఉంది, అందుకని మన వాదన ఏమిటో సాక్షి ముందు పెట్టి రికార్డు చేయిస్తారు. సాక్షి తెలుగులో చెప్పిన మాటను జడ్జి గారు ఇంగ్లీషులో డిక్టేట్ చేస్తుంటే, అర్థం కొంచెం పక్కకు జరిగిందనిపించిన లాయరు లేచి వినయంగా సరిచేయించుకుంటాడు. ఎవిడెన్స్ పాఠం ఇలా చూసి నేర్చుకుంటే ఇక మరిచిపోరు.

ఈ పిల్లలకు ఇంకో బలం ఉంది. మూడేళ్ల కోర్సు క్లాసులో పక్క బెంచీ మీద కూర్చునేది ఎవరనుకున్నారు? రిటైరైన తహసీల్దారు, కానిస్టేబులు, బ్యాంకు ఉద్యోగి, యూనియన్ నాయకుడు, పిల్లలు పెద్దయ్యాక మళ్లీ చదువు మొదలుపెట్టిన గృహిణి. పహాణీలో పేరు ఎలా మారుతుందో, ఎఫ్‌ఐఆర్ రాసే ముందు స్టేషన్లో ఏం జరుగుతుందో వాళ్లను అడిగితే చెబుతారు. మా ఆఫీసులో పాత రిజిస్ట్రేషన్ దస్తావేజు చేతికిస్తే యూనివర్సిటీ పిల్ల నాలుగు హద్దులూ, సర్వే నంబరూ, లింకు డాక్యుమెంట్లూ చూసి ఎక్కడ తేడా ఉందో పట్టుకుంటుంది. నల్సార్ పిల్లాడికి ఆ దస్తావేజు చదవడానికే మొదట తడుముకోవాల్సి వస్తుంది. అదే సుప్రీంకోర్టు తీర్పు ఏదైనా వెతికి రెండు పేజీల నోటు రాయమంటే, మధ్యాహ్నానికల్లా అచ్చు వేసుకోవచ్చు అన్నట్టు రాసి తెస్తాడు. ఇద్దరికీ తెలివి ఒకటే, పెరిగిన చోటు వేరు.

"జస్టిస్ ఎన్.వి.రమణ నాగార్జునలో చదివారు, జస్టిస్ చలమేశ్వర్ ఆంధ్రలో, జస్టిస్ సుదర్శన్ రెడ్డి ఉస్మానియాలో చదివి సుప్రీంకోర్టు దాకా వెళ్లారు కదా" అని కొందరు ధైర్యం చెబుతారు. నిజమే, గర్వంగానూ ఉంటుంది. కానీ వాళ్లు చదివే నాటికి నేషనల్ లా యూనివర్సిటీలన్నవే లేవు. అప్పుడు మంచి పిల్లలంతా అక్కడే చదివారు, రెగ్యులర్ లెక్చరర్లు నిండుగా ఉండేవారు. ఇప్పుడు చాలా కాలేజీలు పార్ట్ టైమ్ వాళ్లతో నెట్టుకొస్తున్నాయి. ఆ పేర్లు చూసి ఇప్పటి కాలేజీని అంచనా వేయకూడదు.

డబ్బు మాట దగ్గరకు వస్తే తేడా చాలా పెద్దది. నేషనల్ లా యూనివర్సిటీలో హాస్టలు, మెస్ కలిపి ఏడాదికి రెండు లక్షలు దాటుతుంది, ఐదేళ్లకు పది లక్షల పైమాటే. ప్రభుత్వ యూనివర్సిటీ కాలేజీలో ఫీజు అందులో చిన్న వంతు, అర్హత ఉన్నవాళ్లకు రీయింబర్స్‌మెంటూ వస్తుంది. ఇక్కడ తల్లిదండ్రులు ఆలోచించని విషయం ఒకటుంది. అప్పు చేసి చదివిన పిల్లాడు ఏం కావాలో కొంతవరకు ఆ అప్పే తేలుస్తుంది. ఈఎంఐ కట్టాలంటే పెద్ద లా ఫర్మ్‌లో చేరక తప్పదు. నల్సార్ లాంటి చోట్లకు ఆ ఫర్మ్‌లు క్యాంపస్‌కే వచ్చి తీసుకుంటాయి, జీతం ఏడాదికి పదిహేను లక్షలూ ఆ పైనా ఉంటుంది. జిల్లా కోర్టులో జూనియర్‌గా చేరితే మొదట్లో పెట్రోలు ఖర్చుకు సరిపడా ఇచ్చే సీనియర్లే ఎక్కువ. జూనియర్లకు పట్టణాల్లో నెలకు 20 వేలు, పల్లె ప్రాంతాల్లో 15 వేలు ఇవ్వమని 2024 అక్టోబరులో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా సూచించింది. అది సూచన మాత్రమే, ఇచ్చి తీరాలన్న రూలు కాదు. అందుకే "మా అమ్మాయి పేదల కేసులు వాదించాలనుకుంటోంది" అని చెప్పి పన్నెండు లక్షల లోను తీసుకుంటామంటే నేను ఆగి ఆలోచించమంటాను. స్కాలర్‌షిప్ దొరికితే వేరే మాట.

అవకాశాలన్నీ నేషనల్ లా యూనివర్సిటీల పిల్లలకే అనుకోవడం కూడా పొరపాటే. సుప్రీంకోర్టు జడ్జీల దగ్గర లా క్లర్కుగా చేరడానికి పరీక్ష పెడుతున్నారు, ఎక్కడ చదివినవాళ్లయినా రాయొచ్చు. 2025 నోటిఫికేషన్‌లో నెలకు 80 వేలు ఇస్తామన్నారు. ఎల్‌ఎల్‌ఎం కోసం పెట్టే పీజీ క్లాట్ స్కోరు చూసి లా ఆఫీసర్లను తీసుకునే ప్రభుత్వ రంగ సంస్థలున్నాయి. జిల్లా న్యాయసేవాధికార సంస్థల్లో లా విద్యార్థులు పారా లీగల్ వాలంటీర్లుగా చేరవచ్చు. జైలుకెళ్లి బెయిలు దొరకని వాళ్ల కాగితాలు చూడటం, లోక్ అదాలత్‌లో కూర్చోవడం ఏ క్లాసులోనూ దొరకని చదువు. పుస్తకాల విషయంలోనూ పాత తేడా తగ్గింది. డబ్బు కట్టే డేటాబేస్‌లు పెద్ద క్యాంపస్‌లకే ఉంటాయి, కానీ ఇండియన్ కానూన్ వెబ్‌సైటులో, సుప్రీంకోర్టు తన తీర్పుల కోసం 2023లో తెచ్చిన ఈ-ఎస్‌సీఆర్‌లో తీర్పులు ఉచితం. రాజ్యాంగ ధర్మాసనం వాదనలు 2022 సెప్టెంబరు నుంచి లైవ్‌లో వస్తున్నాయి. సెల్‌ఫోనులో రోజూ ఒక గంట అవి చూసే పిల్లాడు ఏ కాలేజీలో ఉన్నా ఎదుగుతాడు.

జడ్జి కావాలనుకునేవాళ్లకు లెక్క ఈ మధ్యే మారింది. జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకు మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలన్న నిబంధనను సుప్రీంకోర్టు 2025 మే 20న తిరిగి తెచ్చింది. కాలేజీ గేటు దాటగానే నేరుగా జడ్జి పరీక్షకు పోయే దారి దాంతో మూసుకుంది. అలాంటప్పుడు జిల్లా కోర్టు వాతావరణం, తెలుగు రికార్డు, వాయిదాల తీరు ముందే తెలిసిన పిల్లలకు ఆ మూడేళ్లు తేలిగ్గా గడుస్తాయి. జడ్జి కావడమే లక్ష్యమైతే నా ఓటు యూనివర్సిటీ కాలేజీకే.

రెండింటికీ బయట ఒక మూడో రకం ఉంది. "మీరు రానక్కర్లేదు, పరీక్షల ముందు వస్తే చాలు, హాజరు మేం చూసుకుంటాం" అనే కాలేజీలు. బార్ కౌన్సిల్ 70 శాతం హాజరు ఉండాలంటుంది, అక్కడ గది తలుపే తీయరు. పట్టా వస్తుంది, ఆలిండియా బార్ పరీక్ష కూడా ఎలాగో గట్టెక్కుతారు. ఆ తర్వాత ఒక పేదవాడి ఇంటి కేసు చేతిలో పెట్టుకుని, కౌంటర్ వేయాల్సిన గడువు దాటించి, ఎదుటివాళ్లకు ఎక్స్‌పార్టీ డిక్రీ, అంటే మనవాడి వాదన వినకుండానే ఇచ్చే తీర్పు, పోయేలా చేస్తారు. నష్టపోయేది ఆ పేదవాడు. ఎంత దగ్గరైనా, ఎంత చవకైనా అక్కడికి మాత్రం వద్దు.

ఇంతకీ ఎవరికి ఏది? పిల్ల పదిహేడేళ్లది, ఇంగ్లీషు చదవడం ఇష్టం, కార్పొరేట్ లా వైపో, పరిశోధన వైపో, ఢిల్లీ వైపో చూస్తోంది, ఫీజుకు దారి ఉంది అంటే నల్సార్ వచ్చినా సబ్బవరం వచ్చినా కళ్లకద్దుకుని చేరమంటాను. చాలా దూరంలో, కొత్తగా పెట్టిన ఏదో నేషనల్ లా యూనివర్సిటీలో సీటు వస్తే మాత్రం పేరు చూసి పరిగెత్తొద్దు. డిగ్రీ అయిపోయినవాళ్లు, సొంత జిల్లాలో ప్రాక్టీసు పెట్టాలనుకునేవాళ్లు, ఇంటి బాధ్యత ఉన్నవాళ్లు ఉస్మానియాకో ఆంధ్రకో పోవాలి. డిగ్రీ అయ్యాక కూడా జాతీయ స్థాయి క్యాంపస్ కావాలనే పట్టుదల ఉంటే ఢిల్లీ యూనివర్సిటీ ఉంది, బెంగళూరు లా స్కూలు కూడా 2022 నుంచి మూడేళ్ల కోర్సు పెట్టింది.

యూనివర్సిటీ కాలేజీలో చేరేవాళ్లు మొదటి సెమిస్టర్‌లోనే ఒక ట్రయల్ కోర్టు లాయరును పట్టుకోవాలి. పొద్దున్న క్లాసు, మధ్యాహ్నం కోర్టు, వారానికి ఒక తీర్పు పూర్తిగా చదివి నలుగురు స్నేహితులతో చర్చ పెట్టుకోవాలి. మూట్‌కి టీము లేకపోతే ముగ్గురు కలిసి టీము కట్టి, ప్రిన్సిపల్ గారి దగ్గరకు వెళ్లి కాలేజీ పేరు మీద ఎంట్రీ పంపమని అడగాలి. నాకు తెలిసి అలా అడిగిన పిల్లల్ని ఏ ప్రిన్సిపలూ కాదనలేదు. సీటు ఖాయం చేసుకునే ముందు మామూలు పని రోజున, పదకొండు గంటల వేళ, చెప్పకుండా ఆ కాలేజీకి వెళ్లి చూడండి. క్లాసు జరుగుతోందా, లైబ్రరీలో 2024 జూలై నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత పుస్తకాలు ఉన్నాయా, ఇంకా పాత ఐపీసీనే ఉందా చూడండి. నోటీసు బోర్డు మీద మూట్ ప్రకటన ఏ ఏడాదిదో కూడా చూసి రండి.