అపిక్సాబాన్‌తో నాలుగేళ్ళు, మధ్యలో ఒక తుఫాను

గుండె లయ తప్పితే రక్తం పలుచబడే మాత్ర ఎందుకు వేసుకోవాలో ఇది చదివేవారికి వారి డాక్టరుగారు ఎప్పుడో చెప్పి ఉంటారు కనుక, గుండెలో రక్తం గడ్డకట్టి పక్షవాతం రాకుండా అన్న ఒక్క మాట తప్ప ఆ సంగతి జోలికి వెళ్ళను. 2016 నుంచి అయిదేళ్ళు వార్ఫరిన్ అనే పాత మందు, 2021 మధ్య నుంచి ఇప్పటివరకు అపిక్సాబాన్ 5 మిల్లీగ్రాములు రోజుకు రెండు పూటలా వాడుతున్నవాడిగా నేను రాయదలచుకున్నది ఈ మందుకున్న ఒకే ఒక గుణం గురించి. ఇది ఒంట్లో నిలవదు. వేసుకున్న మూడు నాలుగు గంటల్లో దాని బలం పూర్తిగా అందుతుంది, సుమారు పన్నెండు గంటలకు అందులో సగం వెళ్ళిపోతుంది. ఈ గుణాన్ని చూసి మొదటి రెండేళ్ళు ఎంత మురిసిపోయానో, 2023 డిసెంబరులో చెన్నై వేళచ్చేరిలోని మా ఇంట్లో కూర్చుని దానినే అంతగా తిట్టుకున్నాను.

మురిపెం ఎందుకో ముందు చెబుతాను. వార్ఫరిన్ రోజుల్లో నా నెలంతా, రక్తం ఎంత ఆలస్యంగా గడ్డకడుతోందో చూసే ఐఎన్ఆర్ పరీక్ష చుట్టూ తిరిగేది. 2కూ 3కూ మధ్య ఉండవలసిన ఆ అంకె, సంక్రాంతికి నెల్లూరు వెళ్ళి వారం రోజులు గోంగూర, తోటకూర పప్పు తిని వస్తే 1.4కు దిగింది, విరేచనాలకని అయిదు రోజులు మెట్రోనిడజోల్ వాడితే 4.6కు ఎక్కింది. ఆ రోజుల్లోనే ఒక పన్ను తీయించుకోవడానికి మూడుసార్లు రక్తమిచ్చి, రెండుసార్లు తేదీ మార్చుకోవలసి వచ్చింది. అపిక్సాబాన్‌కు మారిన మరుసటి ఏడాది మరో దవడ పన్ను వేరు విరిగి ఎముకలోనే ఉండిపోయింది. పంటి చిగురు కోసి తీయాలని దంతవైద్యుడు అన్నప్పుడు మళ్ళీ నెల రోజుల తతంగమే అనుకున్నాను. గుండె డాక్టరుగారు మాత్రం, ఆ రోజు ఉదయం మాత్ర ఒక్కటి మానమని, రక్తం ఆగిందని చూసుకుని రాత్రి మాత్ర వేసుకోమని రెండు ముక్కల్లో తేల్చేశారు. మధ్యాహ్నానికి నోట్లోని దూది లేత గులాబీ రంగులో బయటికి వచ్చింది. రాత్రి చల్లారిన పెరుగన్నం తిని మాత్ర వేసుకున్నాను. ఆ వారం నేను ఫోను చేసి ఈ మందు గొప్పదనం చెప్పని బంధువు లేడు.

ఇక తుఫాను సంగతి. మిచౌంగ్ 2023 డిసెంబరు 5న తీరం దాటింది మన బాపట్ల దగ్గరే అయినా, అంతకు ముందు రెండు రోజులు చెన్నై పక్కన సముద్రంలో నిలబడి ఊరిని ముంచింది. ఆదివారం రాత్రి భోజనమయ్యాక స్ట్రిప్పు చేతిలోకి తీసుకుంటే రెండు మాత్రలున్నాయి. ఒకటి వేసుకున్నాను. వానగా ఉంది కదా, రేపు ఉదయం తగ్గాక షాపుకు వెళ్ళవచ్చునని పడుకున్నాను. సోమవారం ఉదయం చివరి మాత్ర వేసుకునే సమయానికి మెట్ల దగ్గర మోకాలి లోతు నీళ్ళున్నాయి, కరెంటు లేదు, మధ్యాహ్నానికి ఫోన్లు కూడా కలవడం మానేశాయి. వీధి చివర మందుల షాపు షట్టరు సగం వరకు నీళ్ళలో ఉన్నట్టు బాల్కనీలోంచి కనిపించింది.

సోమవారం రాత్రి పూట తప్పింది. వార్ఫరిన్ అయితే ఒక పూట తప్పినా నాకు పెద్దగా బెంగ ఉండేది కాదు. ఆపరేషనుకు ముందు దాన్ని అయిదు రోజులు ఆపమంటారంటే, ఆపిన తరువాత కూడా దాని ప్రభావం మెల్లగానే దిగుతుందన్న మాట. అపిక్సాబాన్ విషయంలో అటువంటి అరువు లేదు. మంగళవారం ఉదయానికి నాకు మిగిలింది పావు వంతు, రాత్రికి దాదాపు ఏమీ లేదు అని నేను గోడ గడియారం చూస్తూ లెక్కలు కట్టుకున్నాను. మణికట్టు మీద వేళ్ళు పెట్టుకుని చూస్తే నాడి ఎప్పటిలాగే అడ్డదిడ్డంగా కొట్టుకుంటోంది, దానికి తుఫానుతో పని లేదు. పక్షవాతం జాడ ఏమైనా ఉందేమోనని గంటకొకసారి టార్చి వెలుగులో అద్దం ముందు నిలబడి నవ్వి చూసుకున్నాను, రెండు చేతులూ ముందుకు చాచి ఏదైనా కిందికి జారుతోందా అని చూసుకున్నాను. నాలుగోసారి మా ఆవిడను పిలిచి నోరేమైనా వంకరగా ఉందా అని అడిగితే, "ఎప్పుడూ ఉన్నట్టే ఉందండీ, ఇక వచ్చి పడుకోండి" అంది.

మా పై అంతస్తులో ఉండే తమిళ పెద్దాయన కూడా ఇదే జబ్బుకు మందు వాడతారని నాకు తెలుసు. ఆయన దగ్గర ఇదే కోవకు చెందిన రివరోక్సాబాన్ 15 మిల్లీగ్రాముల మాత్రలు వారానికి సరిపడా ఉన్నాయి, రెండు తీసుకోమని ఆయనే పిలిచి చేతిలో పెట్టబోయారు. మందు వేరు, ఆయన మూత్రపిండాలు వేరు, నావి వేరు, అడుగుదామంటే డాక్టరు ఫోను కలవదు; దండం పెట్టి వద్దన్నాను. అది వివేకమా, పిరికితనమా అని ఆ రాత్రంతా ఆలోచించాను. బుధవారం ఉదయం ఎదురింటి కుర్రవాడు నడుములోతు నీళ్ళలో పెద్ద రోడ్డుదాకా నడిచి, ప్లాస్టిక్ సంచిని నెత్తిమీద పెట్టుకుని ఒక స్ట్రిప్పు తెచ్చి ఇచ్చాడు. తప్పిన మూడు పూటలకూ కలిపి రెండు మాత్రలు మింగుదామని చెయ్యి లాగింది, కానీ తప్పినదానికి జోడించి వేసుకోకూడదన్న మాట గుర్తుండి ఒక్కటే వేసుకున్నాను. ఏమీ కాలేదు. తరువాత డాక్టరుగారిని కలిసినప్పుడు, అడగకుండా ఆ పెద్దాయన మాత్ర వేసుకోకపోవడమే మంచిదన్నారు. అమెరికాలో ఈ మందుతో ఇచ్చే పత్రంలో, వేరే రక్షణ లేకుండా దీన్ని మధ్యలో ఆపితే పక్షవాతం ముప్పు పెరుగుతుందని అన్నిటికంటే పైన గడి కట్టి అచ్చువేస్తారని కూడా ఆయనే చెప్పారు.

ఇక్కడిదాకా చదివినవారికి తప్పంతా తుఫానుదే అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించింది కానీ, ఆ నెలాఖరున మందుల బిల్లుల సంచి తీసి ఆరబెడుతూ ఎందుకో లెక్క చూశాను. రోజుకు రెండు చొప్పున ఆరు నెలలకు, పది మాత్రల స్ట్రిప్పులు ముప్పై ఆరు దాటాలి. నేను కొన్నవి ముప్పై రెండు. అంటే ఆ అర్ధ సంవత్సరంలో నలభైకి పైగా పూటలు నేను మాత్ర వేసుకోలేదు, వేసుకోలేదని నాకు తెలియను కూడా తెలియదు. ఎక్కువగా రాత్రి పూటలే అయి ఉంటాయి, పెళ్ళిళ్ళకు వెళ్ళి ఆలస్యంగా వచ్చిన రోజులో, టీవీ ముందు కునుకు తీసిన రోజులో. ఆ పూటల్లో నేను ఒక్కసారి కూడా అద్దం ముందు నిలబడలేదు.

అందువల్ల ఐఎన్ఆర్ బాధ తప్పిందని నేను బంధువులకు చెప్పిన మాటను కాస్త సవరించుకోవాలి. వార్ఫరిన్ వేసుకోకపోతే నెల తిరిగేసరికి ల్యాబు కాగితం మీద పట్టుబడేవాడిని. అపిక్సాబాన్‌కు అటువంటి నెలవారీ పరీక్ష లేదు. ఉన్నది ఏడాదికి ఒకటి రెండుసార్లు, మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ చూసుకోవడమే, అదీ మోతాదు కోసం. వయసు 80 నిండటం, బరువు 60 కిలోలకు మించకపోవడం, క్రియాటినిన్ 1.5 లేదా అంతకు పైన ఉండటం, ఈ మూడింటిలో రెండు ఉంటేనే మోతాదు 2.5కు తగ్గించాలి. నా వయసు 71, బరువు 59, క్రియాటినిన్ 1.2. అయినా నిరుడు జ్వరంతో చేరిన ఒక చిన్న నర్సింగ్‌హోమ్‌లో, పెద్దవారు కదా అని 2.5 రాసి పంపారు. గుండె డాక్టరుగారు కొట్టేసి మళ్ళీ 5 రాసేదాకా మూడు వారాలు సగం మందుతోనే తిరిగాను. ఆ సగం కూడా ఏ పరీక్షలోనూ బయటపడలేదు.

ఖర్చు గురించి ఒక్క మాట. మొదలుపెట్టినప్పుడు నా పింఛనుకు అది బరువుగానే ఉండేది; 2022లో పేటెంటు గడువు తీరి దేశీయ కంపెనీల మాత్రలు వచ్చాక బాగా తేలికైంది.

మందు మంచిదేనా అని అడిగితే, నాకు మంచిదే. 2011లో వచ్చిన అరిస్టాటిల్ అధ్యయనంలో పద్దెనిమిది వేల మందికి పైగా రోగులను చూసి, వార్ఫరిన్‌తో పోలిస్తే దీనితో పెద్ద రక్తస్రావాలు 31 శాతం తక్కువని తేల్చారు. నాలుగేళ్ళలో నాకు గడ్డం గీసుకునేటప్పుడు తెగిన గాట్లు తప్ప వేరే రక్తం కనిపించలేదు. అయితే మా బావమరిదికి గుండెలో లోహపు కవాటం ఉంది, ఆయన ఎంత అడిగినా ఈ మందు ఇవ్వరు, వార్ఫరిన్‌తోనే ఉండాలి. కీళ్ళవాతపు జ్వరం వల్ల మిట్రల్ కవాటం బాగా ఇరుకైపోయినవారికీ అంతే. కావలిలో ఒంటరిగా ఉండే మా అన్నయ్యకు ఆ అడ్డంకులేవీ లేవు కానీ, గుర్తొచ్చినప్పుడు మందు వేసుకునే అలవాటు ఆయనది, ఆయనకు నేనైతే నోరు తెరిచి సిఫారసు చేయను.

ఇప్పుడు మా ఇంట్లో మూత గట్టిగా పట్టే ఒక డబ్బాలో రెండు స్ట్రిప్పులు ఎప్పుడూ ఉంటాయి, అక్టోబరులో వానలు మొదలయ్యే ముందు అవి నాలుగవుతాయి. రాత్రి ఎనిమిదికి ఫోను మోగుతుంది, అది మోగినా నేను కదలకపోతే మా ఆవిడ వంటింట్లోంచి గొంతెత్తుతుంది. ఈ ఏడాది మొదటి ఆరు నెలల బిల్లులు లెక్కపెడితే ముప్పై ఆరు స్ట్రిప్పులు తేలాయి. వచ్చే నెల ఆవిడ మా అమ్మాయి పురిటికని మూడు నెలలు హైదరాబాదు వెళుతోంది. ఆ మూడు నెలల బిల్లులు కూడా చూసుకున్నాక ఈ మందుకు మార్కులు వేస్తాను.