సబ్బు చేతులతో విన్న పాట: నాలుగేళ్ల ఆటోప్లే అనుభవం

పాటల యాప్‌లో ఆటోప్లే అంటే ఏమిటో ఎవరికీ చెప్పక్కర్లేదు. మనం పెట్టిన పాట అయిపోగానే తనకి తోచిన ఇంకోటి అందుకుంటుంది. నాకది మొదట్లో చిరాకు. ఆ రోజు ఆపేద్దామనే అనుకున్నాను కానీ చేతులు అంట్లలో ఉన్నాయి.

రాత్రి భోజనాలయ్యాక ఫోన్ వంటింటి గూట్లో పెట్టి, ఎనభైల నాటి సినిమా పాటలు వింటూ గిన్నెలు తోముకోవడం నా అలవాటు. ఖాతా మావాడిది. వాడికి అనిమే, అంటే జపాన్ కార్టూన్ల పిచ్చి. అందుకే కాబోలు, తెలుగు పాట అవగానే ఏదో తెలియని భాషలో ఒక ఆడగొంతు మొదలైంది. కింద బేస్ గిటారు హుషారుగా నడుస్తోంది. మారుద్దామంటే చేతినిండా సబ్బు. కడుక్కుని, కొంగుకి తుడుచుకుని వచ్చేసరికి పల్లవి రెండోసారి వచ్చింది. ఇంక మార్చలేదు. జపాన్ గాయని మికీ మత్సుబారా పాడిన ‘మయోనకా నో దోఆ’ అది. మయోనకా అంటే నడిరేయి, దోఆ అంటే తలుపు.

జపాన్ పాట నోటికి ఇంత తొందరగా పడుతుందని ఎవరైనా చెబితే నమ్మేదాన్ని కాదు. కానీ చివర ‘న్’ వచ్చే మాటలు వదిలేస్తే వాళ్ల మాటలన్నీ మనలాగే అచ్చుతోనే ముగుస్తాయి. కూనిరాగం తీస్తుంటే ఎక్కడా నాలుక తడబడదు. పైగా చెవికి అన్నీ తెలుగు మాటల్లాగే వినిపిస్తాయి. వానని ‘అమె’ అంటారు, కిటికీని ‘మదో’ అంటారు, ‘ఏమిటి’ అనడానికి ‘నాని’ అంటారు. కారు ‘కురుమా’ అని తెలిసిన రోజు పూరీలు వత్తుతూ ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

తర్వాత అదే వరసలో మరియా తకేఉచి 1984 నాటి పాట ‘ప్లాస్టిక్ లవ్’ వచ్చింది. అప్పటి జపాన్ పాప్ పాటల్లో ఈ బాపతుని సిటీ పాప్ అంటారట. 2017లో ఎవరో అభిమాని యూట్యూబ్‌లో పెడితే, అక్కడి సిఫార్సుల పుణ్యమా అని జపనీస్ ముక్క రాని జనం కోట్లసార్లు విన్నారు. అంటే సబ్బు చేతుల బాపతు నేనొక్కదాన్నే కాదన్నమాట.

ఇక నా కోపం. మికీ మత్సుబారా పాట పక్కన యాప్ చూపించిన సంవత్సరం మొన్నమొన్నటిది. బొమ్మ చూస్తే పడుచుపిల్ల. కొత్తగా వచ్చిన గాయని కాబోలని ఫాలో నొక్కాను. హైదరాబాద్‌లో ఉన్న మా చెల్లికి కూడా ‘ఈ పిల్ల పైకొస్తుంది చూడు’ అని పంపాను. కొత్త పాట వస్తే ఫోన్ గంట కొడుతుందని ఏడాదిన్నర చూశాను. రాలేదు. వచ్చినవన్నీ పాత పాటల మూటలే. ‘ఏమిట్రా, ఈ అమ్మాయి పాడటం మానేసిందా?’ అని మావాణ్ణి అడిగాను. వాడు వెతికి, కాసేపు ఏమీ మాట్లాడలేదు. ‘అమ్మా, ఆవిడ 2004లోనే పోయింది.’

పుట్టింది 1959లో. ఈ పాటతోనే 1979లో మొదలైంది. అప్పుడు నేను రెండో తరగతి. క్యాన్సర్‌తో పోయేనాటికి ఆవిడకి నలభై నాలుగేళ్లు. అది అక్టోబరు నెల. మావాడు నా కడుపులో ఉన్నాడు. ఆ పాట ప్రపంచమంతా మోగింది 2020లో. ఆవిడకి తెలియదు.

యాప్ వేసింది పాట మళ్లీ విడుదలైన ఏడాదట. అది తప్పు కాదని మావాడి వాదన. నాకు మాత్రం తప్పే. ఒకప్పటి క్యాసెట్ అట్ట మీద కూడా ఇంతకంటే ఎక్కువ వివరం ఉండేది. పాట తెచ్చి చేతిలో పెట్టి, పాడిన మనిషి ఉందో లేదో చెప్పకపోవడం ఏం మర్యాద?

తెలియని భాషల పాటలన్నీ ఈ ఆటోప్లేనే నేర్పింది అని మొదట్లో అందరికీ చెప్పేదాన్ని. ఇప్పుడు అంత గట్టిగా చెప్పను. ఒక పాట నాలుగుసార్లు వింటే చాలు, ఇక దాని చుట్టూ గానుగెద్దులా తిరుగుతుంది. ఏడాదిగా అవే ముప్పై నలభై పాటలు. మధ్యలో ఒక వారం మాత్రం ఎందుకో టర్కీ వైపు మళ్లింది. డబ్బు కట్టేది మా ఆయన, ఖాతా మావాడిది, వినేది నేను, అదీ రోజుకి ముప్పావుగంట. నాకిది చాలు. ఏం వినాలో ముందే తెలిసినవాళ్లకి ఇది అడ్డమే, ఆపేసుకోండి.

ఆ టర్కీ వారంలోనే సెల్దా బాజాన్ పాట వచ్చింది. ఎంత రోషంగా పాడిందో! వెంటనే ఫాలో నొక్కలేదు. సింకు దగ్గర నుంచే కేకేశాను, ‘ఒరేయ్, ఈవిడ ఉందేమో చూడు.’

‘ఉందమ్మా. 1948లో పుట్టింది.’

చేతులు తుడుచుకుని వెళ్లి నొక్కాను.