మల్టీమీడియా టెక్నాలజీలో పీజీ: చదివి, కొన్నేళ్లు ఎడిటింగ్ చేశాక

మల్టీమీడియా టెక్నాలజీలో పోస్టు గ్రాడ్యుయేషన్ అంటే యానిమేషన్, వీఎఫ్ఎక్స్, గేమింగ్ అని బ్రోషరులో పెద్ద అక్షరాలతో వేసేవి అందరికీ తెలిసినవే కాబట్టి వాటి జోలికి వెళ్లను. సిలబస్, సెమిస్టర్లు, ఫీజుల వివరాలు ఏ కాలేజీ వెబ్‌సైటులో చూసినా దొరుకుతాయి. నేను రాయదలచుకున్నది ఒకే ఒక్క పేపరు గురించి. మొదటి ఏడాదిలో మా బ్యాచ్ మొత్తం విసుక్కున్నది, ‘అది గట్టెక్కితే చాలు, మిగతావి ఎలాగో అయిపోతాయి’ అని సీనియర్లు ముందే హెచ్చరించినది డేటా కంప్రెషన్, అంటే బొమ్మల, వీడియోల ఫైళ్లను చిన్నవిగా కుదించే పద్ధతుల పేపరు. చదువు అయిపోయి ఇన్నేళ్లయ్యాక, విజయవాడ గవర్నరుపేటలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేసుకుంటున్న నాకు ఆ పేపరు దాదాపు ప్రతి వారమూ పనికొస్తోంది. మిగతా పేపర్ల గురించి ఈ మాట చెప్పలేను.

ఆ పేపరు చెప్పినాయన మొదటి తరగతిలో నిర్వచనాలేవీ రాయించలేదు, బోర్డు మీద ఒక గుణకారం వేయించారు. ఫుల్ హెచ్‌డీ ఫ్రేములో అడ్డంగా 1920, నిలువుగా 1080 పిక్సెళ్లు ఉంటాయి. ఒక్కో పిక్సెల్‌కు ఎరుపు, ఆకుపచ్చ, నీలం కలిపి 3 బైట్లు. మన దగ్గర సెకనుకు 25 ఫ్రేములు. అన్నీ గుణిస్తే సెకనుకు 155 మెగాబైట్లు దాటుతుంది, గంటకు దాదాపు 560 గిగాబైట్లవుతుంది. అదే గంట వీడియోను సెకనుకు 8 మెగాబిట్ల చొప్పున హెచ్.264 అనే కుదింపు పద్ధతిలో ఎన్‌కోడ్ చేస్తే 3.6 గిగాబైట్లలో సరిపోతుంది. ‘మిగిలిన 556 గిగాబైట్లు ఎక్కడికి పోయాయో తెలుసుకోవడమే ఈ సెమిస్టరు పని’ అని చెప్పి ఆయన వెళ్లిపోయారు. కాలేజీలో విన్న పాఠాల్లో మాట పొల్లుపోకుండా గుర్తున్నది నాకు ఇదొక్కటే.

ఆ తర్వాత అసలు కష్టం మొదలైంది. బొమ్మను 8×8 పిక్సెళ్ల గళ్లుగా కోసి, ఒక్కో గడి మీద డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫార్మ్ (గడిలోని నిదానమైన మార్పులనూ సూక్ష్మమైన మార్పులనూ వేరుచేసే గణితం) నడిపి, కంటికి అంతగా ఆనని సూక్ష్మమైన మార్పులను క్వాంటైజేషన్‌లో, అంటే విలువలను ముతకగా గుండ్రం చేసే దశలో, వదిలేసే ప్రోగ్రామును ఏ రెడీమేడ్ లైబ్రరీ సాయమూ లేకుండా మేమే రాయాలి. ఈ ట్రాన్స్‌ఫార్మ్‌ను 1974లో ప్రచురించిన ముగ్గురూ, అంటే నసీర్ అహ్మద్, టి. నటరాజన్, కె.ఆర్. రావు, భారతీయ మూలాలున్నవారేనని ఆయన కాస్త గర్వంగానే చెప్పారు. అంతకు రెండేళ్ల ముందు నసీర్ అహ్మద్ దీని మీద పరిశోధనకు డబ్బు కావాలని అమెరికాలోని నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌కు ప్రతిపాదన పంపితే, ఆలోచన మరీ సులువుగా ఉందని ఒక సమీక్షకుడు అన్నాడట, డబ్బు రాలేదట. ఆ సులువు మాకు సెమిస్టరు పరీక్షలో ఎక్కడా కనిపించలేదు. మా బ్యాచ్‌లో సప్లీలు ఎక్కువగా మిగిలింది ఈ పేపరులోనే.

ల్యాబులో మాకు అన్నిటికన్నా దండగ అనిపించిన ప్రయోగం ఒకటుంది. ఒక రంగుల బొమ్మను వెలుగును చెప్పే లూమా, రంగును చెప్పే రెండు క్రోమా భాగాలుగా విడగొట్టి, మూడింటినీ వేరువేరుగా ప్రింటు తీసి రికార్డులో అతికించాలి. తర్వాత క్రోమా భాగాలను మాత్రమే అడ్డంగా సగం, నిలువుగా సగం చేసి, మళ్లీ కలిపి, తేడా ఏమైనా కనిపించిందో లేదో రాయాలి. దీన్నే 4:2:0 అంటారు. మన ఫోన్లలో, టీవీల్లో, యూట్యూబులో చూసే వీడియో దాదాపు అంతా ఈ పద్ధతిలోదే. వాకిట్లో ముగ్గు గీత చక్కగా పడితే లోపల చల్లిన రంగు కాస్త అటూ ఇటూ అయినా ఎవరూ గమనించరు కదా, కంటిలోని ఈ ఉదాసీనతనే ఆసరా చేసుకుని 4:2:0 సగం బరువును దించేస్తుంది. ‘తేడా కనిపించలేదు’ అని అందరమూ రికార్డులో రాశాం. మాకిచ్చినవి పూలు, పక్షులు, నవ్వుతున్న మనుషుల ఫోటోలు కాబట్టి నిజంగానే తేడా కనిపించలేదు. కలరు ప్రింట్లకు చేతి డబ్బులు పెట్టించారని అందరం గొణిగాం కూడా.

ఆ ప్రయోగానికి అర్థం స్టూడియోలో చేరాక ఒక వైశాఖ మాసపు పెళ్లి పనిలో తెలిసింది. పార్టీ గుంటూరువారు. రిసెప్షన్‌కు ఫంక్షన్ హాలులో పెద్ద ఎల్ఈడీ తెర పెట్టిస్తున్నారు. దాని మీద వేయడానికి వధూవరుల పేర్లతో ఒక టైటిల్ వీడియో అడిగారు. శుభలేఖలో ఎలా ఉందో అచ్చంగా అలాగే ఉండాలన్నారు: మామిడాకు పచ్చ నేపథ్యం, దాని మీద కుంకుమరంగు అక్షరాలు. ఎడిటింగ్ మానిటరులో అది ముచ్చటగానే ఉంది. ఎక్స్‌పోర్టు చేసి పంపిన గంటకే పెళ్లికూతురి తండ్రిగారు ఫోను చేశారు: ‘మా అమ్మాయి పేరు మాకే చదవడం రావట్లేదమ్మా.’ ఫైలు తెరిచి చూస్తే ఆయన చెప్పింది నిజమే. అక్షరాల అంచులు పీచులు లేచినట్లున్నాయి. పేరులోని ‘లక్ష్మీ’లో వత్తులు ఒకదానిలో ఒకటి కలిసిపోయి ముద్దయ్యాయి.

మా ఓనరుగారు పాతికేళ్లుగా ఈ రంగంలో ఉన్న మనిషి. వీహెచ్ఎస్ క్యాసెట్ల కాలం నుంచి మిక్సింగ్ చేసినవారు. బొమ్మ పాడైతే బిట్‌రేటు, అంటే ఒక సెకను వీడియోకు కేటాయించే డేటా, తక్కువైందని ఆయన అనుభవం. సెకనుకు 12 మెగాబిట్లున్న దాన్ని 50కి పెంచి మళ్లీ తీశారు. ఫైలు నాలుగింతలైంది గానీ అంచులు అలాగే ఉన్నాయి. ఫాంటు లావుది వేసి చూశారు, వేరే కంప్యూటరులో తీయించి చూశారు. చివరికి గ్రాఫిక్స్ కార్డు పోయిందేమోనన్న అనుమానం వచ్చి సర్వీసు కుర్రాడికి కబురు పెట్టారు. రాత్రి పదవుతోంది, రిసెప్షన్ మర్నాడు సాయంత్రం. అప్పుడు నాకు రికార్డులో అతికించిన మూడు ప్రింట్లు గుర్తొచ్చాయి. ఆ టైటిల్ మీద రంగు మొత్తం తీసేసే ఎఫెక్టు వేసి, ఓనరుగారిని పిలిచి చూపించాను. తెర మీద అక్షరాలు లేవు! పీచులు లేచిన అంచులతో సహా మొత్తం పేరు మాయమై, తెరంతా ఒకే బూడిద రంగులో మిగిలింది.

ఎందుకు అలా అవుతుందో లెక్క వేస్తే తేలిపోతుంది. హెచ్‌డీ ప్రమాణం ప్రకారం లూమాలో ఎరుపు వాటా 0.2126, ఆకుపచ్చ వాటా 0.7152. 0 నుంచి 255 దాకా ఉండే కొలతలో నిండు ఎరుపు విలువ 255 అయితే దాని లూమా 54 దగ్గర తేలుతుంది. ముదురు ఆకుపచ్చ విలువ 75 అయినా లూమా అదే 54. అంటే మామిడాకు పచ్చ మీద కుంకుమ ఎరుపు పెట్టినప్పుడు వెలుగులో తేడా దాదాపు సున్నా, ఉన్న తేడా అంతా రంగులోనే. 4:2:0లో రంగుకు దక్కేది 960 అడ్డం, 540 నిలువు మాత్రమే. బిట్‌రేటు 50 కాదు, 500 పెట్టినా, ఎన్‌కోడరు దగ్గరికి చేరేలోపే సగమైపోయిన ఆ వివరం తిరిగి రాదు. ఇంగ్లీషు పెద్దక్షరాలైతే ఎలాగో నెట్టుకొచ్చేవి. తెలుగు గుణింతాలకు, వత్తులకు ఉండే సన్నని మెలికలు అంత తక్కువ చోటులో నిలబడవు. క్రోమాను సగం చేయని ఫార్మాటులో తీయవచ్చు గదా అంటే, ఆ హాలులోని ప్లేయరు మామూలు ఎంపీ4 తప్ప మరొకటి తీసుకోదు.

అక్షరాల చుట్టూ సన్నగా పసుపు గీత వేశాను. పసుపుకు లూమా చాలా ఎక్కువ, కాబట్టి అంచు మొత్తం పూర్తి రిజల్యూషన్ ఉన్న లూమా భాగంలోకి వచ్చేసింది. పచ్చ నేపథ్యాన్ని ఇంకొంచెం ముదురు చేశాను. మొదటి బిట్‌రేటుతోనే మళ్లీ తీస్తే, గోడంత తెర మీద కూడా ‘లక్ష్మీ’ వత్తులతో సహా చదవగలిగేలా వచ్చింది. పసుపు, కుంకుమ, మామిడాకు మూడూ కలిశాయని పార్టీవాళ్లు మరింత సంతోషించారు. అది నేను అనుకుని చేసింది కాదు. ఆ తర్వాత ఓనరుగారు నన్ను ఏమీ అనలేదు గానీ, ఎర్ర అక్షరాలు అడిగే పార్టీ ఎవరొచ్చినా ‘ముందు ఆ అమ్మాయికి చూపించండి’ అంటున్నారు.

ఇంత చెప్పాక, కోర్సు పూర్తయిన కొత్తలో నేనన్న మాటలు కొన్ని సవరించాలి. అప్పట్లో ఎవరు అడిగినా నిస్సందేహంగా చేరమని చెప్పాను. ఇప్పుడు తిరిగి చూస్తే, ఆ పేపరు అంత బాగా అర్థం కావడానికి సిలబస్ కన్నా చెప్పినాయనే ఎక్కువ కారణం. ఆయన గెస్టు ఫ్యాకల్టీ. అదే సిలబస్‌ను నోట్సు డిక్టేట్ చేసి ముగించినా విద్యార్థులు పాసయ్యేవారు, ఇప్పుడు నేను చెప్పిన లెక్క మాత్రం ఎవరికీ తెలిసేది కాదు. పైగా రెండేళ్లలో ఏ ల్యాబులోనూ ఒక్క తెలుగు అక్షరాన్ని కూడా తెర మీద వేయించలేదు. ఆంధ్రప్రదేశ్‌లో ఉన్న కాలేజీలో, చదివాక ఎక్కువమంది తెలుగు వీడియోల మీదే పనిచేస్తారని తెలిసి కూడా, టైటిళ్లన్నీ ఇంగ్లీషులోనే చేయించారు. స్టూడియోలో చేరిన మొదటి వారంలో ప్రీమియర్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేరులో తెలుగు టైపు చేస్తే వత్తులు విడిపోయి పక్కకు పడ్డాయి. ప్రిఫరెన్సెస్‌లో టెక్స్ట్ ఇంజిన్‌ను సౌత్ ఏషియన్ అండ్ మిడిల్ ఈస్టర్న్‌కు మార్చాలని నాకు చెప్పింది ఇంటర్ మధ్యలో ఆపేసి అక్కడ పనిచేస్తున్న కుర్రాడు. ప్రెస్సు నుంచి వచ్చే శుభలేఖ మ్యాటరు ఇప్పటికీ చాలాసార్లు అను ఫాంట్లలో ఉంటుందని, అది అన్ని కంప్యూటర్లకూ ఉమ్మడిగా ఉండే యూనికోడ్ కాదు కాబట్టి కాపీ చేసి అతికిస్తే పిచ్చి గీతలు వస్తాయని, కన్వర్టరులో వేసినా మళ్లీ అక్షరం అక్షరం సరిచూసుకోవాలని కూడా అతని దగ్గరే నేర్చుకున్నాను.

త్రీడీ పేపరు గురించి ఎక్కువ చెప్పను. మార్కులు బాగా వచ్చాయి. రోహిణి కార్తెలో కరెంటు పోయినప్పుడల్లా యూపీఎస్ చేతులెత్తేయడంతో మా ఫైనల్ ప్రాజెక్టు రెండుసార్లు మధ్యలో ఆగి, చివరికి స్నేహితురాలి ఇంట్లోని కంప్యూటరులో రెండర్ అయింది. కెమెరా ల్యాబు పరవాలేదు. 50 హెర్ట్‌జ్ కరెంటుండే మన దగ్గర షట్టరు 1/50 సెకను గానీ 1/100 గానీ పెట్టకపోతే ట్యూబులైటు కింద బొమ్మ మిణుకుమంటుందని, ఫోనులో తీసిన వీడియోల ఫ్రేమ్‌రేటు నిలకడగా ఉండక శబ్దం జారిపోతుందని అక్కడ తెలిసింది. ఇవి మాత్రం ఏ మంచి వీడియోగ్రాఫరు దగ్గర ఒక సీజన్ పనిచేసినా వచ్చేవే. జీతం సంగతి అడుగుతారు కాబట్టి చెబుతున్నాను, చేరినప్పుడు నాకూ, పని చూసి నేర్చుకున్నవారికీ తేడా ఏమీ లేదు. హైదరాబాదులో వీఎఫ్ఎక్స్ సంస్థలకు దరఖాస్తు పెట్టుకున్న మా బ్యాచ్‌వాళ్లను ముందు అడిగింది షోరీల్, అంటే తాము చేసిన పనుల్లో మంచివి కలిపిన చిన్న వీడియో. డిగ్రీ సర్టిఫికెట్టు చివర్లో ఫైలులో పెట్టుకోవడానికి అడిగారట.

అయినా నా వరకు ఈ చదువు నష్టం కాదు. అందుకు నా పరిస్థితులు కూడా కారణమే. మాది గుంటూరు బ్రాడీపేట. హాస్టలు ఖర్చు లేకుండా సీజన్ టికెట్టుతో రైల్లో వెళ్లివచ్చాను. డిగ్రీలో గణితం ఉండటం వల్ల కొసైన్లు, మాట్రిక్సులు చూసి భయపడలేదు. వెంటనే సంపాదించాలన్న ఒత్తిడి ఇంట్లో లేదు. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా నా అభిప్రాయం వేరుగా ఉండేదేమో.

మా పిన్ని కొడుకు ఈ ఏడాది ఇదే కోర్సులో చేరాలనుకుంటున్నాడు. వాడు బీకాం చదివాడు, చేయి మాత్రం బాగా తిరిగింది; ఫోనులోనే చక్కని రీల్స్ ఎడిట్ చేస్తాడు. వాడికి నేను చెప్పింది ఇంతే: అడ్మిషన్‌కు ముందు కాలేజీకి వెళ్లి ల్యాబు ఏ గంటదాకా తెరిచి ఉంటుందో కనుక్కో, కంప్రెషన్ పేపరు ఎవరు చెబుతారో అడుగు, వీలైతే సీనియర్ల రికార్డు ఒకటి తీసుకుని అందులో ప్రోగ్రాములు వాళ్లు రాసినవో, జిరాక్సులో పాత బ్యాచ్ నుంచి దిగినవో చూడు. రెండోదైతే ఆ రెండేళ్ల ఫీజుతో మంచి కెమెరా కొనుక్కుని గవర్నరుపేటకు వచ్చేయమన్నాను. మా పిన్నికి ఆ సలహా నచ్చలేదు.