ఇఫ్ ఐ స్టేనా, నిక్-నోరానా, వర్చుయాసిటీనా: వయొలిన్ నేర్చుకునే పిల్లకి ఏ ప్రేమ నవల ఇవ్వాలి?

పదో తరగతి పరీక్షలైపోయాక ఇంటర్ క్లాసులు మొదలయ్యేలోపు విజయవాడ పిల్లలకి దొరికే ఖాళీ ఎంతో మీకు తెలిసిందే. సత్యనారాయణపురంలో వయొలిన్ క్లాసుకి వెళ్లే మా అక్క కూతురు ఆ కాస్త ఖాళీలో "మ్యూజిక్ నేర్చుకునేవాళ్ల లవ్ స్టోరీ ఏదైనా ఉంటే ఇవ్వు పిన్నీ" అంది. ఇంగ్లిష్‌లో టీనేజ్ వాళ్ల కోసం రాసే నవలల్లో ఇలాంటివి బోలెడున్నాయి. నేను చదివినవాటిలో మూడు తీసి పక్కపక్కన పెట్టుకున్నాను. ముందే చెప్తున్నా, నాకు ప్రేమ ఒక్కటీ బాగుంటే చాలదు. ఆ పిల్లో పిల్లాడో నిజంగా సాధన చేస్తున్నట్టు కనిపించాలి. మెడలో గిటార్ వేలాడుతున్నంత మాత్రాన సంగీత విద్వాంసుడని నేను ఒప్పుకోను.

ఈ లెక్కన 'నిక్ అండ్ నోరాస్ ఇన్ఫినిట్ ప్లేలిస్ట్' మొదటే తేలిపోతుంది. 2006లో వచ్చింది, రేచెల్ కోన్, డేవిడ్ లెవితన్ కలిసి రాశారు, ఒక అధ్యాయం అబ్బాయి చెప్తే ఇంకోటి అమ్మాయి చెప్తుంది. నిక్ బ్యాండులో బాస్ గిటార్ వాయిస్తాడు, పాత గర్ల్‌ఫ్రెండ్ ఎదురుపడేసరికి పక్కనున్న ముక్కూ మొహం తెలియని అమ్మాయిని ఐదు నిమిషాలు నా గర్ల్‌ఫ్రెండ్‌గా ఉంటావా అని అడుగుతాడు, అక్కణ్ణుంచి న్యూయార్క్‌లో ఒక్క రాత్రి కథ. హుషారుగా ఉంటుంది, ప్రేమ వరకే చూస్తే మూడింటిలో ఇదే గెలుస్తుందేమో కూడా. కానీ ఇందులో సంగీతమంటే ఎవరికి ఏ బ్యాండు ఇష్టం అన్నదే ఎక్కువ, వినేవాళ్ల పుస్తకం తప్ప వాయించేవాళ్ల పుస్తకం కాదు. పైగా పేజీ పేజీకీ బూతులు. డిగ్రీలో చేరాక చదువుకోవచ్చు.

అసలు పోటీ మిగతా రెండింటి మధ్యే. గేల్ ఫోర్మన్ రాసిన 'ఇఫ్ ఐ స్టే' 2009లో వచ్చింది, 2014లో సినిమా కూడా అయింది. మియాకి 17 ఏళ్లు, అమెరికాలో ఆరెగన్‌లో ఉంటుంది, చెల్లో (వయొలిన్ కుటుంబానిదే, కూర్చుని వాయించే పెద్ద వాద్యం) వాయిస్తుంది. ఇంట్లో అందరూ రాక్ సంగీతం పిచ్చోళ్లు, నాన్న ఒకప్పుడు పంక్ బ్యాండులో వాయించినవాడు, వాళ్ల మధ్య ఈ పిల్ల ఒక్కతే బీథోవెన్ అంటూ కూర్చుంటుంది. ఆమె ప్రేమించే ఆడమ్‌ది రాక్ బ్యాండు. పిజ్జాలు డెలివరీ చేసి దాచుకున్న టిప్పులతో ప్రఖ్యాత చెల్లో విద్వాంసుడు యో-యో మా కచేరీకి టికెట్లు కొని, తనకేమీ తెలియని సంగీతం వినడానికి ఆమెని తీసుకెళ్తాడు. ఎదుటి మనిషి సంగీతాన్ని ఓపిగ్గా వినడమే ప్రేమ అని ఎక్కడా ఉపన్యాసం లేకుండా చూపించిన ఆ భాగం నాకు చాలా ఇష్టం. మంచు కురిసిన ఒక పొద్దున కారు ప్రమాదం జరుగుతుంది. ఆ తర్వాత కథంతా, స్పృహ లేని మియా ఆసుపత్రిలో తన శరీరాన్ని తనే బయట నుంచి చూసుకుంటూ, పాత సంగతులు తల్చుకుంటూ నడుస్తుంది, మొత్తం ఒక్క రోజు. జూలియార్డ్ అనే పేరున్న సంగీత కళాశాల ఆడిషన్‌కి తాతయ్యతో శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్లడం, సీటొస్తే న్యూయార్క్ పోవాలి, ఆడమ్ ఏమో ఇక్కడ, అదీ చిక్కు.

అయితే బెజవాడలో కూర్చుని చదివితే ఒకటి వింతగా అనిపిస్తుంది. మియాని సంగీతం మానెయ్యమనేవాళ్లు ఆ పుస్తకంలో ఎవరూ ఉండరు! మన దగ్గర ప్రేమకంటే ముందే ఇంటర్ అడ్డం వస్తుంది, "సంగీతం ఎక్కడికి పోతుందమ్మా, ఎంసెట్ అయ్యాక నేర్చుకోవచ్చు" అంటారు. బాలమురళీకృష్ణగారు ప్రిన్సిపాల్‌గా చేసిన సంగీత కళాశాల ఉన్న ఊరిలోనే ఈ మాట వినపడుతుంది.

అందుకే జెస్సికా మార్టినెజ్ 2011లో రాసిన 'వర్చుయాసిటీ' మన పిల్లలకి ఎక్కువ తగులుతుందని నా లెక్క. కార్మెన్ వయొలిన్‌లో పేరు తెచ్చుకున్న అమ్మాయి, షికాగోలో ఒక పెద్ద పోటీకి తయారవుతుంటుంది, గట్టి పోటీ ఇచ్చే జెరెమీ అనే కుర్రాడితోనే ప్రేమలో పడుతుంది. వాళ్లమ్మ ఒకప్పుడు ఒపేరా గాయని, గొంతు పోయాక కూతురి మేనేజరై కూర్చుంటుంది. ఏం తినాలి, ఎవరితో మాట్లాడాలి, ఏ బట్టలు వేసుకోవాలి, అన్నీ అమ్మే. మన ఊళ్లో ర్యాంకు కోసం జరిగేదంతా అక్కడ వయొలిన్ కోసం జరుగుతుంది.

స్టేజి భయానికి కార్మెన్ ఇండెరాల్ మాత్రలు వేసుకుంటుంది, క్రమంగా అవి లేనిదే విల్లు పట్టలేని స్థితికొస్తుంది. ఇది కల్పన కాదు, ప్రొప్రనొలాల్ అనే ఆ గుండె మందుని వాయిద్యకారులు చేతుల వణుకు, గుండె దడ తగ్గడానికి వాడటం నిజంగానే ఉంది. ఆస్తమా ఉన్నవాళ్లకి ప్రమాదం, డాక్టరు చెప్పకుండా ముట్టుకోకూడదు. పుస్తకం ఇచ్చేటప్పుడు ఈ ముక్క పిల్లకి విడిగా చెప్పండి.

రచనగా చూస్తే మాత్రం 'ఇఫ్ ఐ స్టే' ఒక మెట్టు పైనే, అందులో ఏ మనిషీ విలన్ కాదు, వర్చుయాసిటీలో అమ్మ పాత్ర చివరికొచ్చేసరికి మరీ సినిమా అమ్మలా తయారవుతుంది. జెరెమీ కూడా ఆడమ్ అంత గుర్తుండడు. కానీ కర్ణాటక వయొలిన్ నేర్చుకునే పిల్లకి ఇందులో ఇంకో సరదా ఉంది. మన కచేరీలో వయొలిన్ ఎక్కువగా పక్కవాద్యం, పాడేవాళ్లని వింటూ వెంట నడవాలి. కార్మెన్ లోకంలో ఒంటరిగా నిలబడి పక్కవాణ్ణి ఓడించాలి. ఆ ఇద్దరూ ఒకరి వాయింపు ఒకరు నిజంగా ఎప్పుడు వింటారా అని ఎదురుచూస్తూ చదువుతాం.

కాబట్టి మా పిల్లకి వర్చుయాసిటీ ముందు. సంగీతంతో సంబంధం లేని మామూలు పాఠకులెవరైనా అడిగితే ఇఫ్ ఐ స్టే, ఇంగ్లిష్ కూడా తేలిగ్గానే ఉంటుంది. చావు చుట్టూ తిరిగే కథ కాబట్టి, ఇంట్లో ఈమధ్య ఎవరైనా పోయి ఉంటే మాత్రం ఇప్పుడే ఇవ్వకండి. అది నచ్చితే ఆడమ్ వైపు నుంచి చెప్పే రెండో భాగం 'వేర్ షీ వెంట్' ఉంది, 2011లో వచ్చింది. కొనేముందు లెనిన్ సెంటర్ పాత పుస్తకాల కొట్లలో ఒకసారి అడిగి చూడండి, సినిమా బొమ్మ అట్ట మీదున్న కాపీ అయినా లోపల కథ అదే.