ఆన్‌లైన్ ప్లాన్ అప్రూవల్: గోదావరి డెల్టాలో ఇన్నేళ్లు వాడాక

ఆంధ్రప్రదేశ్ భవన నిబంధనలు 2017లో మారిన దగ్గర్నుంచి ఇంటి ప్లాన్లు ఆన్‌లైన్‌లోనే పెడుతున్నాను. లైసెన్స్ ఉన్న ఇంజినీరుని, పని ఎక్కువగా పాలకొల్లు, భీమవరం వైపు. డ్రాయింగ్ పరిశీలన వరకు ఈ పద్ధతికి పూర్తి మార్కులు వేస్తాను. ఫైలు ఎక్కించగానే సెట్‌బ్యాకులు (ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ), ఎత్తు లెక్కగట్టి ఎక్కడ తగ్గిందో చూపిస్తుంది. వెనకటికి అదే సంగతి లోపాలు చెప్పే షార్ట్‌ఫాల్ లెటర్ చేతికొచ్చేదాకా తెలిసేది కాదు.

కొలతల్లో మాత్రం అది అంగుళం కూడా వదలదు. మనవాళ్లు స్థలం సెంట్లలో కొంటారు. ఐదు సెంట్లంటే 242 గజాలు, అంటే దాదాపు 202 చదరపు మీటర్లు. 200 దాటితే నిబంధనల్లోని సెట్‌బ్యాకుల పట్టికలో వరుస మారుతుంది. దస్తావేజులో రాసింది ఒకటి, టేపు పట్టి కొలిస్తే వచ్చేది ఇంకొకటి అయితే ప్లాను మళ్లీ మొదటికొస్తుంది. అందుకే నేను కొలవకుండా గీత గీయను.

అసలు టెన్షన్ నీళ్ల దగ్గర. కాలువ గానీ డ్రెయిన్ గానీ పది మీటర్ల కంటే వెడల్పుంటే దాని హద్దు నుంచి 9 మీటర్లు, అంతకు తక్కువైతే 2 మీటర్లు వదలాలి. మంచి నిబంధన, వానాకాలంలో మన వీధులు చూసినవాళ్లెవరూ కాదనరు. కానీ హద్దు ఎక్కడ? నీటి అంచా, గట్టు అవతలి వాలా? పాత రాళ్లు చాలాచోట్ల లేవు. ఒక స్థలంలో వెనకవైపు పంటబోదెను (పొలాలకు నీళ్లు పారే చిన్న కాలువను) పాత యజమాని ఎప్పుడో పూడ్చి మెరక చేసేశాడు. పైన అరటి చెట్లు, కింద బోదె జాడే లేదు. ఎఫ్‌ఎంబీలో, అంటే సర్వే శాఖ కొలతల పుస్తకంలో, మాత్రం బోదె గీత అలాగే ఉంది. సర్వేయరు వచ్చి రాళ్లు పాతి, నీటిపారుదల వాళ్ల ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) వచ్చేవరకు ఆ ఫైలు కదల్లేదు. ఈలోగా ఇసుక, సిమెంటు రేట్లు పెరిగి ఆ కుటుంబం నలిగిపోయింది. నాకు ఇప్పటికీ బాధే.

కాబట్టి అడ్వాన్స్ ఇవ్వకముందే ఎఫ్‌ఎంబీ నకలు తీసుకోండి. లింకు డాక్యుమెంట్లు (పాత యజమానుల దస్తావేజులు), ఈసీ (స్థలం మీద లావాదేవీలు చూపే రిజిస్ట్రేషన్ పత్రం), ఖాళీ స్థలం పన్ను రసీదు సరిచూసుకోండి. అనుమతి ఆర్డరు చేతికి రాకుండా పునాది తవ్వొద్దు. కట్టింది ప్లాను దాటితే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (కట్టాక ఇంట్లో ఉండొచ్చని ఇచ్చే పత్రం) దగ్గర ఆగిపోతారు.

అధికారులను నేను అడిగేది ఒక్కటే: డెల్టా కాలువలు, డ్రెయిన్లు అన్నింటికీ హద్దులు కొలిచి, ప్లాను ఎక్కించేచోటే మ్యాపుగా చూపించండి. స్థలం కొనేవాళ్లకు ఆ గీత ముందే కనబడాలి.