నోకియా ఈ63లో ఒపేరా మినీ: తెలుగు కోసం పెట్టుకున్నది, తెలుగు కోసమే ఉంచుకున్నది

ఒపేరా మినీ ఎంత వేగమో, డేటాను ఎంత పొదుపు చేస్తుందో ఇప్పటికే చాలామంది రాశారు కనుక వాటి జోలికి నేను పోను. ఇది 2011లో రాస్తున్న మాట. 2009 నుంచి ఈ బ్రౌజరును నోకియా ఈ63లో వాడుతున్న మనిషిగా నేను చెప్పదలచుకున్నది ఒకే ఒక్క సదుపాయం గురించి. తెలుగు అక్షరం ఒక్కటి కూడా లేని ఫోన్లో ఇది వత్తులతో, గుణింతాలతో సక్రమంగా కూర్చిన తెలుగును చూపిస్తుంది. మిగిలిన గుణదోషాలన్నీ నా వరకు దీని తరువాతే.

నా ఉద్యోగం సంగతి కొంత చెప్పకపోతే ఈ ఉత్సాహం అతిగా కనిపించవచ్చు. పొదిలి ప్రాంతంలోని ఒక సబ్‌స్టేషన్‌లో షిఫ్ట్ ఆపరేటర్‌ను. రాత్రి డ్యూటీలో గంటగంటకూ మీటర్ల రీడింగులు లాగ్‌షీటులో రాయడం, ఫీడరు (ఊళ్లకు కరెంటు తీసుకెళ్లే లైను) ఏదైనా ట్రిప్పయితే చూసుకోవడం తప్ప మధ్యలో బోలెడంత ఖాళీ సమయం ఉంటుంది. కంట్రోల్ రూములో కంప్యూటర్ లేదు, ఇంట్లోనూ లేదు. ఈ63లో వైఫై ఉన్నా అక్కడ అది ఎందుకూ కొరగాదు. ఉన్నదల్లా ప్రీపెయిడ్ సిమ్, అందులో వచ్చీపోయే ఎడ్జ్ అనే నెమ్మది నెట్ సిగ్నల్. నేను నెట్‌లో వెతికేది చాలావరకు తెలుగులో చదువుకోవడానికే.

నోకియాతో వచ్చిన సొంత బ్రౌజరును తక్కువ చేసి మాట్లాడను. అది వెబ్‌కిట్ అనే ఇంజను మీద కట్టిన బ్రౌజరు. పేజీని కంప్యూటరులో ఉన్నట్టే పరుస్తుంది, పక్కన చిన్న పటంలా మొత్తం పేజీని చూపించి ఎక్కడున్నామో చెబుతుంది. అయితే తెలుగు వికీపీడియా తెరిస్తే మాత్రం మొదటి వరుస నుంచి చివరి వరుస దాకా ఖాళీ డబ్బాలే. యూనికోడ్ (అన్ని భాషల అక్షరాలకూ ఉమ్మడి సంకేతాలు) తెలుగు పేజీ సవ్యంగా దిగుమతి అయినా, ఫోన్లో ఆ అక్షరాల రూపాలు లేకపోవడమే కారణం. దీనికి అప్పట్లో చెప్పుకునే ఉపాయం ఒకటి ఉండేది: మెమరీ కార్డులో రిసోర్స్, దానిలోపల ఫాంట్స్ అనే ఫోల్డరు పెట్టి, తెలుగు ఉన్న ఒక ఫాంటు ఫైలుకు సిస్టమ్ ఫాంటు పేరు తగిలించి అందులో వేసి, ఫోన్‌ను ఆపి మళ్లీ వెలిగించడం. అదీ చేసి చూశాను. అక్షరాలు వచ్చాయి కానీ కూడలేదు. 'స్త్రీ' అన్న మాటలో సకారం ఒకచోట, పొల్లు ఒకచోట, తకారం ఒకచోట, మళ్లీ పొల్లు, రకారం, ఆ చివర ఎక్కడో గుడిదీర్ఘం, ఇలా ఒకదాని పక్కన ఒకటి నిలబడ్డాయి. ఒక వాక్యం చదవడానికి పట్టే సమయంలో లాగ్‌షీటు రెండు వరుసలు నింపవచ్చు. అక్షరాలను కూర్చే యంత్రాంగం ఫోన్లో లేనప్పుడు ఫాంటు ఒక్కటే ఉండి ప్రయోజనం లేదని దాంతో తేలిపోయింది.

ఒపేరా మినీలో ఈ చిక్కు తీరే దారి చాలా లోపల ఉంటుంది. మామూలు సెట్టింగుల్లో ఎంత వెతికినా కనబడదు. అడ్రసు రాసే చోట ముందే ఉన్న అక్షరాలన్నీ చెరిపేసి, ఇంగ్లీషులో ఒపేరా అని రాసి, కోలన్ పెట్టి, కాన్ఫిగ్ అని రాసి నొక్కితే పవర్ యూజర్ సెట్టింగ్స్ అనే పేజీ వస్తుంది. లోడింగ్ టైమవుట్, ఫోన్ నంబర్లను గుర్తుపట్టడం వంటి మనకు అంతగా పట్టని ఎంపికలు దాటి కిందికి పోతే 'యూజ్ బిట్‌మ్యాప్ ఫాంట్స్ ఫర్ కాంప్లెక్స్ స్క్రిప్ట్స్' అన్న వరుస, దాని ఎదురుగా 'నో' అని ఉంటాయి. ఆ 'నో'ను 'యెస్' చేసి, కింద 'సేవ్' నొక్కాలి. అంతే. మళ్లీ అదే తెలుగు వికీపీడియా పేజీ తెరిచేసరికి డబ్బాలు పోయి తెలుగు వచ్చింది. రాత్రి రెండు దాటాక, ఎదురుగా ప్యానెళ్ల మీద ఎర్రదీపాలు తప్ప మరో తోడు లేని వేళ, శ్రీనాథుడి మీద వ్యాసం ఆ చిన్న తెర మీద మొదటి నుంచి చివరి దాకా చదివాను. 'క్ష్మ' లాంటి జంట వత్తులు కూడా చక్కగా ఒకదాని కింద ఒకటి ఒదిగి ఉన్నాయి.

ఇది సాధ్యమయ్యే తీరు తెలిస్తే దీని లోపాలు కూడా ముందే ఊహించవచ్చు. ఒపేరా మినీ నిజానికి పేజీని ఫోన్లో తయారుచేయదు. మనం అడిగిన పేజీని నార్వే కంపెనీ అయిన ఒపేరా వారి సర్వర్లు తెచ్చుకుని, తమ ప్రెస్టో ఇంజనుతో అక్కడే పరిచి, కుదించి, ఓబీఎంఎల్ అనే తమ సొంత రూపంలో ఫోనుకు పంపుతాయి. బిట్‌మ్యాప్ ఎంపికను తెరిస్తే తెలుగు వంటి లిపులను అక్షరాలుగా కాక, అక్కడే కూర్చిన చిన్న చిన్న బొమ్మలుగా పంపుతాయి. ఫోన్ చేసేది ఆ బొమ్మలను వరుసగా అతికించడం మాత్రమే. అంటే మన చేతిలోని యంత్రానికి తెలుగు రాకపోయినా ఫరవాలేదు, ఎక్కడో ఉన్న యంత్రానికి వస్తే చాలు.

అందువల్ల బొమ్మగా వచ్చిన తెలుగును కాపీ చేయడం కుదరదు, పేజీలో ఒక తెలుగు మాటను వెతకడమూ కుదరదు. పేజీ శీర్షిక, బుక్‌మార్కుల పేర్లు, ట్యాబు మీది పేరు ఫోన్ సొంత అక్షరాలతో గీసేవి కనుక అవి ఇప్పటికీ డబ్బాలే. నా బుక్‌మార్కుల్లో ఒకప్పుడు వరుసగా డబ్బాల బారులే ఉండి, ఏది ఏ బ్లాగో తెలియక, చివరకు అన్నిటికీ ఇంగ్లీషు అక్షరాల్లో పేర్లు మార్చుకున్నాను. 320 పిక్సెళ్ల వెడల్పు తెర మీద అక్షరం చిన్నదయ్యేసరికి ద, ధ తేడా కనబడదు. థ నడుమ చుక్క ఉందో లేదో కళ్లు చికిలించి చూడాలి. వయసు నలభై దాటిన మా సీనియర్ ఒకాయన ఒకసారి చూసి, 'బాగుంది గానీ నాకు పనికిరాదయ్యా' అని ఫోన్ వెనక్కి ఇచ్చేశారు. ఆయన మాటలో తప్పు లేదు.

ఇన్‌స్టాల్ చేసే పని గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. నోకియా బ్రౌజరులోనే ఒపేరా వారి మొబైల్ సైటు తెరిచి జావా ఫైలును దించుకోవడమే. ఒక్క విసుగు మాత్రం ప్రస్తావించాలి: అప్లికేషన్‌కు నెట్‌వర్క్ వాడుకునే అనుమతి ఇస్తారా అని ఫోన్ మాటిమాటికీ అడుగుతుంది. అప్లికేషన్ మేనేజరులో ఒపేరా మినీని ఎంచుకుని, నెట్‌వర్క్ యాక్సెస్ ఎదుట 'మొదటిసారి మాత్రమే అడుగు' అన్నదానికి మారిస్తే ఆ పోరు తగ్గుతుంది.

ఇక ఈ సదుపాయం నన్ను ముంచిన రాత్రి సంగతి. అప్పటికి నెలవారీ ప్యాకు వేయించుకోలేదు. ఆ రోజుల్లో నా సిమ్‌కు పది కేబీకి పది పైసల చొప్పున పడేది, అంటే ఒక ఎంబీకి దాదాపు పది రూపాయలు. అది ఏ కంపెనీ సిమ్ అన్నది ఇక్కడ అనవసరం. ఒపేరా మినీ ఎలాగూ పేజీని బాగా కుదించి పంపుతుందన్న ధీమాతో, ఒక బ్లాగులో భాగాలుగా వచ్చిన నవలను పట్టుకుని ఒక్కొక్క భాగమే చదువుకుంటూ పోయాను. ప్రతి భాగం కింద పాఠకుల వ్యాఖ్యలు గొలుసుకట్టుగా ఉన్నాయి. అవీ తెలుగులోనే, అవీ బొమ్మలే. ఒకటి రెండు పేజీలు మరీ పొడవై, ఫోన్ మెమరీ నిండిందని చెప్పి బ్రౌజరే మూసుకుపోగా, వాటిని మళ్లీ మొదటి నుంచి తెప్పించుకోవలసి వచ్చింది. తెల్లవారుజామున 33 కేవీ ఫీడరు ఒకటి ట్రిప్పయింది. ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) గారికి చెబుదామని ఫోన్ చేస్తే, మీ ఖాతాలో తగినంత బ్యాలెన్స్ లేదని రికార్డు చేసిన గొంతు వినయంగా చెప్పింది. సాయంత్రమే యాభై రూపాయలు వేయించుకుని డ్యూటీకి వచ్చాను! చివరకు కంట్రోల్ రూములో ఉన్న, కరెంటు తీగల మీదుగానే మాటలు పంపే పీఎల్‌సీసీ ఫోన్ మీద పక్క సబ్‌స్టేషన్ ఆపరేటరును పట్టుకుని, ఆయన ద్వారా ఏఈ గారికి కబురు చేయించాను. నవలలో హీరోయిన్ పెళ్లి ఏమైందో తెలుసుకోవడానికి ఇంకో వారం పట్టింది.

ఆ తరువాత ఫోన్ లాగ్‌లోని ప్యాకెట్ డేటా లెక్కను సున్నా చేసి, రమారమి ఒకే నిడివి ఉన్న ఇంగ్లీషు వ్యాసమూ తెలుగు వ్యాసమూ విడివిడిగా తెరిచి చూశాను. తెలుగు వ్యాసం కొన్ని రెట్లు ఎక్కువ లాగింది. మామూలుగానే యూటీఎఫ్-8 అనే సంకేత పద్ధతిలో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు అయితే తెలుగులో ప్రతి అక్షర సంకేతానికీ మూడు బైట్లు పడతాయి. ఆ పైన ఇవి బొమ్మలు. కనుక ఒపేరా మినీ డేటాను పొదుపు చేస్తుందన్న మాట ఇంగ్లీషు చదివేవారికి ఎంత నిజమో తెలుగు చదివేవారికి అంత నిజం కాదు. ఇప్పుడు ప్యాకు వేయించుకున్నాను కనుక ఆ దిగులు లేదు. అయినా ప్యాకు ఒక యాక్సెస్ పాయింటుకే (ఫోనును నెట్‌కు కలిపే సెట్టింగుకే) వర్తిస్తుంది. బ్రౌజరు తెరిచేటప్పుడు ఫోన్ చూపే జాబితాలో రెండోదాన్ని నొక్కితే డబ్బులు వేరే కోస్తారు.

ఆశించని మంచి కూడా ఒకటి జరిగింది. డల్లాస్‌లో ఉన్న మా తమ్ముడు కంప్యూటరులో లేఖిని అనే, ఇంగ్లీషు అక్షరాలను తెలుగులోకి మార్చే పేజీ పెట్టుకుని తెలుగులోనే ఉత్తరాలు రాస్తాడు. ఒపేరా మినీలో జీమెయిల్ సాదా రూపం తెరిస్తే వాడి ఉత్తరం చక్కగా కనిపించేది. జవాబు నొక్కగానే, రాసే పెట్టెలో వాడి తెలుగంతా డబ్బాలైపోయేది, ఎందుకంటే ఆ పెట్టె ఫోన్‌ది, ఒపేరా సర్వరుది కాదు. వాడి ఉత్తరం నా చేతిలో పాడైపోతోందనుకుని మొదట్లో ఆ భాగమంతా చెరిపేసి, పైన ఇంగ్లీషు అక్షరాల్లో నాలుగు ముక్కలు రాసి పంపేవాణ్ణి. ఒకసారి ఓపిక లేక డబ్బాలను అలాగే వదిలేసి పంపితే, 'అన్నయ్యా, ఈసారి నా ఉత్తరం కూడా కింద ఉంది, దేనికి జవాబో ఇప్పుడు తెలుస్తోంది' అని వాడు రాశాడు. అక్షరాలు చెడలేదు, ఫోనుకు వాటిని చూపించడం రాలేదు, అంతే. అప్పటి నుంచి డబ్బాలను చూసి కంగారు పడటం మానేశాను.

రాయడం మాత్రం ఈ బ్రౌజరుతో అయ్యే పని కాదు. లేఖిని పేజీ తెరుచుకుంటుంది గానీ, ప్రతి మీట నొక్కినప్పుడూ పనిచేయవలసిన జావాస్క్రిప్టు ఫోన్లో నడవదు కనుక మనం రాసిన ఇంగ్లీషు అక్షరాలు ఇంగ్లీషు అక్షరాలుగానే మిగిలిపోతాయి. బ్లాగుల్లో నా వ్యాఖ్యలన్నీ ఇప్పటికీ ఆ లిపిలోనే ఉన్నాయి, తెలుగు రాని మనిషిలా. తెలుగు బ్లాగులను ఒకచోట చూపే కూడలి సైటు నుంచి బ్లాగులకు వెళ్లి చదవడానికి ఏ అడ్డూ లేదు. అవి యూనికోడ్‌లో ఉంటాయి. సొంత ఫాంట్లతో నడిచే కొన్ని దినపత్రికల సైట్లు మాత్రం అర్థంలేని ఇంగ్లీషు అక్షరాల కుప్పలుగానే వస్తాయి. వాటిని కంప్యూటరులో ఫైర్‌ఫాక్స్‌కు ఆ ఫాంట్లను యూనికోడ్‌లోకి మార్చే పద్మ అనే తోడు ప్రోగ్రాము తగిలించుకుని చదవవలసిందే. తప్పు ఒపేరాది కాదు. ఇక బ్యాంకు పనులు దీనిలో చేయను. సురక్షిత పేజీ కూడా ఒపేరా సర్వరు దగ్గర విప్పి మళ్లీ కట్టి వస్తుందన్న సంగతి తెలిశాక నోకియా సొంత బ్రౌజరునే దానికి ఉంచుకున్నాను.

నాలుగో వెర్షన్‌తో మొదలుపెట్టి, 2010లో ఐదు వచ్చాక దానికి మారాను. ట్యాబులు, ఇష్టమైన సైట్లను మొదటి పేజీలోనే చూపే స్పీడ్ డయల్ వచ్చి చూడటానికి బాగుంది. కానీ ఈ63 లాంటి మీటల ఫోనుకు నాలుగే తేలికగా నడిచేదని ఇప్పటికీ నా అభిప్రాయం. వెర్షన్ మార్చినప్పుడు బిట్‌మ్యాప్ ఎంపిక మళ్లీ 'నో' దగ్గరికి పోయింది కనుక, మారేవారు ముందుగా ఆ పేజీకి వెళ్లి చూసుకోవడం మంచిది.

ఇది పెట్టుకుంటే కంప్యూటర్ అక్కర్లేదని అప్పట్లో మా స్టాఫులో అడిగినవారికీ అడగనివారికీ చెప్పేవాణ్ణి. ఇప్పుడైతే, తెలుగు చదువుకోవడం వరకు అక్కర్లేదని చెబుతాను. ఇంట్లో కంప్యూటర్, బ్రాడ్‌బ్యాండ్ ఉన్నవారికి దీని అవసరం తక్కువే. కళ్లు ఇబ్బంది పెట్టేవారికి అసలే వద్దు. నాలాగా రాత్రిళ్లు మేలుకుని, చేతిలో ఫోన్ తప్ప మరొకటి లేనివారు మాత్రం ముందు నెలవారీ ప్యాకు వేయించుకుని ఆ తరువాత దీన్ని వేసుకోవచ్చు. నోకియా వారు విండోస్ ఫోన్ వైపు వెళ్తున్నామని 2011 ఫిబ్రవరిలో ప్రకటించాక, తరువాతి ఫోన్ ఏది కొనాలా అని నేనూ ఆలోచిస్తున్నాను. ఒంగోలులో ఒక దుకాణంలో ఆండ్రాయిడ్ ఫోన్ చేతికిస్తే మొదట తెలుగు వికీపీడియానే తెరిచాను, డబ్బాలు కనిపించాయి. దీనిలో ఒపేరా మినీ పడుతుందా అని అడిగితే, పడుతుందన్నాడు కుర్రాడు. ధర కొంచెం దిగితే చూద్దామని వచ్చేశాను.